ఎండు కడుపు మోటారు

ఆ రోజు కోసం నాగప్ప వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. కోడి కూయగానే లేవాలి, ఉతికిన ఖాకీ చొక్కా తొడుక్కోవాలి, మోటారుకు నూనె ఉందో లేదో చూసి నాలుగు చక్రాలకూ పసుపు కుంకుమ పెట్టాలి. పది గంటలకు చంద్రారెడ్డి దొరను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఖిల్లా ఘణపూర్‌లో బయలుదేరాలి. దొర బావగారి మోటారు కన్నా ముందు వనపర్తిలో బాటసారులు దిగే ముసాఫిర్ బంగళా గేటు దాటాలి. తర్వాత ఆ బంగళా వెనక నీడలో కూర్చుని భార్య తిమ్మమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె తినాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని మీరు అడగవచ్చు. నాగప్ప కూడా అదే అనుకున్నాడు.

ఆ మోటారు సంగతి ముందు చెప్పాలి. సికింద్రాబాదులో ఉన్న ఒక తెల్ల కప్తాను పరుగు పందాల కోసం ఇంగ్లండు సీమ నుంచి తెప్పించుకున్నది అది. అతను తన దేశానికి వెళ్ళిపోతూ అమ్మితే దొర కొన్నాడు. దానికి పైకప్పు లేదు, తలుపుల్లేవు. పొడుగాటి ముక్కు, రెండు సీట్లు, ఊరు లేచి కూర్చునేంత చప్పుడు మాత్రం ఉన్నాయి. అందులో కూర్చున్నవాడికీ రోడ్డుకూ మధ్య జానెడు సందు.

దాని గొప్పంతా ఇంజనులో ఉంది. మామూలు మోటార్లకు నూనె ఇంజను అడుగున తొట్టిలో నిలిచి ఉంటుంది. దీనికి అట్లా కాదు. నూనెకు వేరే డబ్బా ఉంది, అది పక్క సీటుకు ఎదురుగా బిగించి ఉంటుంది. ఒక పంపు ఆ డబ్బాలోని నూనెను ఇంజనులోకి పంపిస్తుంది, కిందికి జారిన నూనెను ఇంకో పంపు ఎప్పటికప్పుడు పీల్చి తిరిగి డబ్బాలో పోస్తుంది. మలుపు ఎంత జోరుగా తిప్పినా నూనె ఒక పక్కకు పోయి ఇంజను మాడిపోయే భయం లేదు. సికింద్రాబాదు మిస్త్రీ ఈ సంగతులన్నీ మూడు రోజులు కూర్చుని నాగప్పకు నేర్పాడు. అడుగున ఉన్న నట్టును మాత్రం చచ్చినా ముట్టుకోవద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. బయలుదేరబోతూ ఇంకొక ముక్క కూడా చెప్పాడు గాని, అప్పుడు నాగప్ప హారను నొక్కి చూసుకుంటున్నాడు.

ఘణపూర్‌కు వచ్చిన రోజునుంచీ నాగప్ప కనబడ్డ ప్రతివాడికీ ఇదే ముచ్చట. "మా మోటరుది ఎండు కడుపు. తాగింది తాగినట్టే పైకి పంపిస్తది. దీని కడుపుల చుక్క నూనె నిలవదు, గదే దీని గొప్ప" అనేవాడు. పైగా అది తాగేది ఆముదం. పందెపు ఇంజనుకు ఆముదం తప్ప ఇంకో నూనె పనికిరాదని కప్తాను చెప్పిపోయాడు. సీమ డబ్బాలు అయిపోయాక దొర నవ్వి, మన చేలల్లో పండేదే కదా అని గానుగ ఎల్లన్న చేత పట్టించాడు. ఆముదం తాగే మోటారును చూడడానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సద్దులు కట్టుకుని వచ్చారు. మొన్నటిదాకా దొర ఎడ్లబండి తోలిన నాగప్పను జనం డ్రైవర్‌సాబ్ అనసాగారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి లోపల ఒక చల్లని హాయి కలిగేది.

ఇప్పుడు ఆ పిలుపుకే ముప్పు వచ్చింది. దొర అక్కను గద్వాల వైపు ఇచ్చారు. ఆ బావగారు కొత్త అమెరికా మోటారు కొని, దసరాకు వచ్చినప్పుడు దొర మోటారును చూసి ఇది బల్లి అన్నాడు. దొర పౌరుషానికి పోయాడు. పందెం ఖాయమైంది. ముందు గేటు దాటిన మోటారుదే గెలుపు. బావ ఓడితే తన పందెపు గిత్తల జోడీని ఇస్తాడు. దొర ఓడితే ఈ మోటారు గద్వాలకు పోతుంది, నాగప్ప తిరిగి ఎడ్లబండి తోలుకుంటాడు.

పందెం పదిహేను రోజులుందనగా దొర ఒక హుకుం ఇచ్చాడు. బండలాగుడు పోటీకి పోయే గిత్తలను ముందు పక్షం రోజులు కాడి కట్టకుండా మేపుతారు గదా, అట్లాగే మోటారుకూ విశ్రాంతి ఇవ్వాలన్నాడు. నాగప్పకు అది చాలా సబబుగా తోచింది. డబ్బా నిండా ఆముదం పోసి, మోటారును తన ఇంటి పక్కనే ఉన్న దొర కొట్టంలో నిలబెట్టి, మీద దుప్పటి కప్పాడు. కావలికి వెంకటన్నను పడుకోబెట్టాడు. పదిహేను రోజులు దాన్ని ఎవరూ కదిలించలేదు.

సరే, పందెం రోజు రానే వచ్చింది. నాగప్ప కోడి కూతతో లేచి కొట్టంలోకి పోయి దుప్పటి తీశాడు, మోటారుకు దండం పెట్టాడు, డబ్బా మూత తిప్పి లాంతరు ఎత్తి లోపలికి చూశాడు. అడుగున రెండు వేళ్ళ మందాన ఆముదం మెరుస్తోంది. మూత పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తీసి చూశాడు. అంతే ఉంది.

అతని అత్త సాయమ్మ మనవరాలికి నీళ్ళు పోయడానికి పొయ్యి ముట్టిస్తూ అల్లుడి ముఖం చూసింది. బాలింతలకు పథ్యం చెప్పడం, చంటిపిల్లలకు ఆముదం మర్దన చేసి నీళ్ళు పోయడం ఆమె పని. సొంత ఊరు కోడేరు. కూతురి కాన్పుకు వచ్చి రెండు నెలలైంది. ఈలోపల ఘణపూర్‌లో సగం మంది పిల్లల కడుపులు ఆమె చేతి కిందికి వచ్చాయి.

"ఏమైంది అల్లుడా, గట్ల మొఖం ఏలాడేసినవ్?"

"నూనె లేదత్తా. డబ్బ నిండ పోసి పెట్టిన. ఎవడో ఎత్కపోయిండు."

సాయమ్మ వచ్చి మోటారు కిందికి వంగి చూసింది. "కారిందేమో."

"యాడ కారింది? నేల సూడు, చుక్క లేదు."

"అయితే తాగింది."

"ఎవరు?"

"నీ మోటరే. ఆముదం తాగుతదని ఊరంత నువ్వే చెప్తివి గద. కడుపు ఇప్పి సూడు, ఆడనే ఉంటది."

ఆ పరేషాన్‌లో కూడా నాగప్పకు నవ్వొచ్చింది. "అత్తా, నువ్వు పోరగాండ్ల కడుపులు సూసినదానివి. గిది ఇంజను. దీనిది ఎండు కడుపు. లోపట చుక్క నిలవదని మిస్త్రీ చెప్పిండు. కింది నట్టు ముట్టనని ఒట్టు గూడ పెట్టిన."

"ఎండు కడుపో నిండు కడుపో నాకు తెల్వదు. బయిటికి రాలేదంటే లోపటనే ఉన్నట్టు" అని సాయమ్మ పొయ్యి దగ్గరికి పోయింది.

నాగప్ప మాత్రం దొంగ కోసం వెతకసాగాడు. ఆ నూనె ఇంజనులో తిరిగింది, కాబట్టి నల్లగా ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడం ఎంతసేపు అనుకుంటూ ఇంట్లోకి అడుగుపెట్టాడో లేదో, గూట్లో ఒక ఇత్తడి గిన్నె కనబడింది. అందులో ఆముదం, నల్లగా. పది రోజుల కిందట సాయమ్మ పిల్లకు రాయడానికి డబ్బాలోంచి గిద్దెడు నూనె అడగడం, ఇది మోటారుదని తాను కసురుకోవడం అతనికి గుర్తొచ్చాయి. మనిషి ఆలోచన అక్కడ ఆగిపోయింది.

"అడిగితే ఇయ్యలేదని అడగకుండ తీస్కున్నవా అత్తా?"

సాయమ్మ గిన్నె వంక చూసింది, అల్లుడి వంక చూసింది.  మనవరాలిని కూతురి ఒళ్ళో పెట్టి, తన రెండు చీరలు మూట కట్టింది. పొద్దు పొడుస్తుండగా ఊళ్ళో బాడుగ బండి తోలే మల్లయ్య ఆముదపు గింజల బస్తాలు వేసుకుని వనపర్తికి బండి కడుతున్నాడు. కోడేరు పోవాలన్నా ఆ దారే. ఆమె బస్తాల మీద ఎక్కి కూర్చుంది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

"గది కాటుక" అంది తిమ్మమ్మ. ఆమె గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాగప్పకు భయం వేసింది. "రాత్రి దీపం మసి పట్టి, పిల్లకు కాటుక చేసింది. మా అమ్మను దొంగను చేసినవ్. అమ్మ ఈ గడప తొక్కేదాక నీకు రొట్టె గిట్ట కట్టియ్య. గా మోటరునే అడుగు, పెడ్తది."

బుద్ధున్నవాడైతే అక్కడ ఆగేవాడు. నాగప్పకు మాత్రం దొంగ ఇప్పుడింకా అవసరమయ్యాడు. ఒక దొంగ దొరికితే అత్త ముందు కాస్త మాటైనా దక్కుతుంది. కావలి వెంకటన్న నిద్రలోంచి లేవకముందే అతని తల వాసన చూశాడు. ఆముదం వాసనే. పక్కింటి రుక్కమ్మ జడ వేసుకుంటుంటే వెనక నిలబడి ముక్కు పెట్టాడు. ఆముదమే. ఆ వీధిలో పిల్లల ఒంటికి ఆముదం, ముసలివాళ్ళ మోకాళ్ళకు ఆముదం, గూట్లో దీపానికి ఆముదం, బండి ఇరుసుకు ఆముదం. ఎద్దు కొమ్ములకు కూడా అదే. ఆముదం పండే ఊళ్ళో వాసన పట్టి ఆముదపు దొంగను వెతకడం ఎంత తెలివైన పనో మూడో వీధికి వచ్చేసరికి అతనికి కొద్దికొద్దిగా తెలిసొచ్చింది. అప్పటికి నలభై తలలు చూశాడు, అతని ముక్కు పనిచేయడం మానేసింది.

ఎండ ఎక్కుతోంది. దొంగ దొరకలేదు సరిగదా, నూనె కూడా లేదు. గానుగ ఎల్లన్న ఇంటికి పరుగెత్తితే తలుపుకు తాళం వేలాడుతోంది. పెళ్ళికని అచ్చంపేట పోయి నాలుగు రోజులైందట. ఇంజనును నూనె లేకుండా నడిపితే మైలు పోకముందే బిగుసుకుపోతుంది. దొరకు చెబుదామంటే, కాపలా పెట్టుకుని కూడా నూనె పోగొట్టుకున్న డ్రైవరును దొర ఉంచుతాడా?  ఇక మిగిలింది ఒకటే దారి. పొద్దున ఎవరి తలలు వాసన చూశాడో వాళ్ళ గుమ్మాల్లోకే బిందె పట్టుకుని పోయాడు.

రుక్కమ్మ గడపలో నిలబడి అడ్డం తిరిగింది. "పొద్దున నన్ను దొంగను చేస్తివి, గిప్పుడు నా నూనె కావల్నా?"

"తప్పైంది రుక్కమ్మా. మోటరు గద్వాల పోతది, జర దయ సూడు."

"ముందు నా తల మళ్ళొకసారి వాసన సూడు. నల్గురి ముందట సూసి, ఎట్లున్నదో చెప్పు."

నాగప్ప నలుగురి ముందర చూసి, శానా బాగున్నదని చెప్పాడు. అప్పుడుగాని ఆమె బుడ్డి వంచలేదు. వెంకటన్న మోకాళ్ళ నొప్పికి వెల్లుల్లి వేసి కాచుకున్న ఆముదం ఇచ్చాడు. ఇంకొకామె మెంతులు వేసి కాచిన తలనూనె ఇచ్చింది. ఒక ముసలవ్వ దేవుడి దీపంలోంచి వంపి, మోటారు గెలిస్తే దేవుడికి తిరిగి పోయమంది. ఎంత తిట్టుకున్నా ఊరి మోటారు గద్వాలకు పోతుందంటే వాళ్ళకూ మనసొప్పలేదు మరి. బిందె నిండింది. నాగప్ప తలపాగా విప్పి నాలుగు మడతలు వేసి వడకట్టాడు. పదింటికి పావుగంట ముందు డబ్బా మెడ దాకా నిండింది. అతను మూత బిగించాడు.

రాత్రే దొర గడీలో దిగిన గద్వాల బావగారు పట్టు జుబ్బా వేసుకుని తన మోటారు పక్కన నిలబడి ఉన్నాడు. అది పేద్ద మోటారు, ఎర్రరంగు, టాపు వెనక్కి మడిచి ఉంది. చంద్రారెడ్డి దొర తెల్ల షేర్వాణీ తొడుక్కుని, బుగ్గన కిళ్ళీ పెట్టుకుని వచ్చి సీట్లో కూర్చున్నాడు. నాగప్ప కళ్ళద్దాలు పెట్టుకుని, మిస్త్రీ నేర్పినట్టు ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని ఇంజను హ్యాండిలు పట్టాడు. తిప్పితే అది తిరగలేదు. ఇద్దరు పట్టినా బరువుగా జానెడు కదిలి ఆగిపోయింది.

"పదిహేను దినాలు పండుకున్నది గద దొరా, కీళ్ళు పట్టినయి" అన్నాడు నాగప్ప.

"నెట్టుండ్రి" అన్నాడు దొర.

ఇరవైమంది నెట్టారు. మోటారు ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ వెనక్కి లాక్కొచ్చి నెట్టారు. ఇట్లా ఖిల్లా కింది వాలులో గంటసేపు మోటారు వెళ్ళింది, వచ్చింది. బావగారు కుర్చీ వేయించుకుని రెండుసార్లు చాయ్ తాగాడు. పదకొండు కావస్తుండగా ఇంజను ఒక్కసారి భగ్గున అంటుకుంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చి సగం ఊరిని కప్పేసింది. నాగప్ప మోటారును పందెం గీత దగ్గర నిలబెట్టి, చొక్కా చేతులతో చెమట తుడుచుకున్నాడు.

బావగారు దొర వైపు వచ్చి డబ్బా మీద చెయ్యి వేసి వంగాడు. "ఏనప్పా డ్రైవరూ, మోటరు కన్న దాన్ని నెట్టినోళ్ళే బాగ ఉరికిండ్రు గద. బామ్మర్దీ, పందెం వాళ్ళ మీద కట్టకపోతివా" అని నోరంతా తెరిచి నవ్వాడు. ఆ నవ్వు బాగా పెద్దది, చాలాసేపు సాగేది.

సరిగ్గా అప్పుడే ఇంజనులోని రెండో పంపు తన పని తాను చేసింది. పదిహేను రోజులుగా డబ్బాలోంచి సన్నగా దిగి ఇంజను కడుపులో చేరిన ఆముదాన్నంతా పీల్చి పైకి తోసింది. పైన డబ్బా నిండా ఊరి ఆముదం ఉంది. చోటెక్కడిది? మూత ఎగిరిపోయి, వెచ్చటి నల్లటి ఆముదం నిలువెత్తున లేచింది. దొర షేర్వాణీ నల్లబడింది. అయితే బుగ్గన కిళ్ళీ ఉంది కాబట్టి దొర నోరు మూసుకునే ఉన్నాడు. బావగారి నోరు మాత్రం నవ్వుకని తెరిచి ఉంది. రెండు నిండు గుక్కలు మింగాక గాని అది మూతపడలేదు.

మిస్త్రీ చివరగా చెప్పిన ముక్క ఏడాది తర్వాత ఇప్పుడు నాగప్ప చెవిలో పడింది. నిలబెట్టిన మోటారు డబ్బా చూసి నమ్మకు, రెండు నిమిషాలు నడిపి అప్పుడు చూడు అన్నాడతను. అంటే నూనెను ఎవరూ ఎత్తుకుపోలేదు. అత్త చెప్పిన చోటే ఉంది. నాగప్పకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎవరో వచ్చి మూత తెచ్చి బిగించారు, ఇంకెవరో రుమాలు ఊపారు, పందెం మొదలైపోయింది.

వాలులో చిన్న మోటారే ముందు పోయింది. బావగారు మూతి తుడుచుకుంటూ, ఉమ్ముతూ, పళ్ళు కొరుకుతూ వెనకబడ్డాడు. ఆ సన్నటి బాటలో పక్కకు తప్పుకునే చోటు లేదు. మూడు మైళ్ళు ఆయన మండిన ఆముదపు పొగలోనే వచ్చాడు, అది కూడా కొంత మింగాడు. మైదానంలోకి రాగానే సీను మారింది. నూనె ఎక్కువై నాగప్ప ఇంజనులో రెండు ప్లగ్గులు మండడం మానేశాయి. మోటారు కుంటసాగింది. ఎర్రమోటారు హారను కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయి దుమ్ములో కలిసింది.

"నాగప్పా, అయిపాయెనా?" అన్నాడు దొర మెల్లగా.

నాగప్పకు రోజూ తుడిచిన ఆ చక్రం మీద చేతులు పెట్టుకుని ఉంటే ఏడుపొచ్చింది. రేపు ఈ మోటారు గద్వాలలో ఉంటుంది, ఎవడో దీన్ని నడుపుతాడు, వాడికి మిస్త్రీ మాటలు సగం కూడా తెలిసి ఉండవు. తనకు మాత్రం ఎంత తెలిసిందిలే అనిపించి మరింత దుఃఖం వచ్చింది.

మలుపు తిరిగేసరికి ఎర్రమోటారు బాట పక్కన ఆగి ఉంది. తలుపు తెరిచే ఉంది, మనిషి లేడు. పక్కనే నిలువెత్తు ఆముదపు చేను. చేను నడుమ ఒకచోట ఆకులు కదులుతున్నాయి.

"బావా?" అని పిలిచాడు దొర.

"మీరు పోండ్రి" అని చేనులోంచి నీరసంగా జవాబొచ్చింది.

వాళ్ళు పోయారు. రెండు మైళ్ళు పోయాక ఎర్రమోటారు మళ్ళీ వాళ్ళను దాటింది. ఇంకో మైలు పోయాక మళ్ళీ ఆగి ఉంది. ఈసారి దొర పిలవలేదు, టోపీ తీసి మర్యాదగా పక్కకు చూశాడు. ఇట్లా దాటడం, ఆగడం సాగుతూ సాగుతూ వనపర్తి చెరువుకట్ట మొదటికి వచ్చారు. అక్కడ ఎర్రమోటారు మళ్ళీ ఆగి ఉంది. దాని పక్కన మల్లయ్య ఎడ్లబండి ఉంది. ఆముదపు బస్తాల మీద మూటతో సాయమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా కట్ట, కట్ట దాటితే రెండు ఫర్లాంగుల్లో ముసాఫిర్ బంగళా గేటు. చిన్న మోటారు కూడా సరిగ్గా అక్కడికే వచ్చి, ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

నాగప్ప దిగి హ్యాండిలు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ప్రాణం లేదు. చేతులు జారవేసి బండి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అత్తా, తప్పైంది."

సాయమ్మ చేను వైపే చూస్తూ, "గద్వాల దొర గా చేన్ల ఉన్నడు. నీళ్ళు గావాలన్నడు. పల్చటి మజ్జిగల జర ఉప్పేసుకొని తాగమన్న" అంది. తర్వాత, "నూనె యాడ దొరికింది?" అంది.

"కడుపులనే ఉండె."

"జర గట్టిగ చెప్పు. మీ దొర ఇనాలె."

"కడుపులనే ఉండె అత్తా. నువ్వు చెప్పిన కాడనే."

"ఏ కడుపురా, ఏం నూనె?" అన్నాడు దొర. ఇక దాచడానికి లేదు. నాగప్ప తల వంచుకుని డబ్బా సంగతి, కాటుక సంగతి, నలభై తలల సంగతి, బిందె సంగతి వరసగా చెప్పేశాడు. చెప్పాక మనసు తేలికైంది. ఉద్యోగం పోయినా పర్వాలేదు అనుకున్నాడు, పూర్తిగా కాకపోయినా కొంతవరకు.

దొర కిళ్ళీ నములుతూ చేను వైపు చూశాడు. ఆకులు కదలడం ఆగింది. కట్ట వైపు చూశాడు. చివరికి మల్లయ్య ఎడ్ల వైపు చూశాడు.

"నాగప్పా, పందెం మాట ఏమనుకున్నం?"

"ఏ మోటరు ముందు గేటు దాటితే గదే గెలిచినట్టు దొరా."

"ఎట్ల దాటాలెనో అనుకున్నమా?"

"గదేం అనుకోలే దొరా."

"మల్లయ్యా, ఎడ్లు ఇప్పు" అన్నాడు దొర.

మల్లయ్య మోకు తీశాడు. సీమలో పరుగు పందాలకని పుట్టిన మోటారు ముందు ఇరుసుకు దాన్ని కట్టి, ఎడ్లను అదిలించాడు. ఎడ్లు పొద్దుటినుంచి నడిచి అలసి ఉన్నా, బస్తాల బండి కన్నా ఇది తేలికని వాటికి వెంటనే తెలిసింది. దొర సీట్లో నిటారుగా కూర్చున్నాడు. నాగప్ప చక్రం పట్టుకున్నాడు. సాయమ్మ మూట చంకన పెట్టుకుని పక్కనే నడిచింది. మోటారు కట్ట మధ్యకు చేరేసరికి బావగారు పైజామా నాడా ముడి వేసుకుంటూ చేనులోంచి ఉరికొచ్చి, ఎర్రమోటారు ఎక్కి, కట్ట మీదికి వచ్చాడు. కట్ట మీద ఒక్క బండికే దారి. ముందు ఎడ్లు, వెనక దొర, ఆ వెనక బావగారు. హారను మోగుతూనే ఉంది. ఎడ్లు మాత్రం తమ నడక మార్చలేదు.

అట్లా గేటు దాటారు. బావగారు దిగి, "ఎడ్లు గుంజితే అది మోటరు పందెమెట్ల అయితది?" అని మొదలుపెట్టాడు. ఆ వాదన ఇంకా చాలా దూరం పోయేదేమో గాని, నడుమలోనే ఆయన మాట మింగి బంగళా వెనక్కి పరుగెత్తాడు. పావుగంట తర్వాత వచ్చి మెట్ల మీద కూలబడి, సాయమ్మ పంపించిన మజ్జిగ తాగి, నల్లగా తడిసిన బామ్మర్ది షేర్వాణీని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. ఈసారి నోరు చేత్తో మూసుకుని నవ్వాడు. "గిత్తలను తోలిస్త తియ్యి. కని బామ్మర్దీ, నీ మోటరు గెలవలేదు. నీ ఆముదం గెలిచింది" అన్నాడు.

దొర నాగప్ప వంక చూశాడు. 

"రేపటి సంది పందెమున్నా లేకున్నా దినాం పొద్దుగాల రెండు నిమిషాలు నడిపించు. విశ్రాంతి మాట మళ్ళ ఎవరన్న ఎత్తితే, నేనే ఎత్తినా సరే, ఇనకు" అన్నాడు దొర. ఆ తర్వాత సాయమ్మ వైపు తిరిగి, "నువ్వు ఇంటికి పో సాయమ్మా. నా సీట్ల కూసోని పో" అన్నాడు.

నాగప్ప ప్లగ్గులు విప్పి, తుడిచి, బిగించాడు. సాయంత్రం ఎండ తగ్గాక సాయమ్మ దొర సీట్లో కూర్చుని ఘణపూర్ చేరింది. సీటు తడిగా ఉంది గాని మెత్తగా ఉందని చెప్పింది. తిమ్మమ్మ తల్లి చేతిలోని మూట అందుకుని, మొగుడి వంక చూడకుండానే రెండు రొట్టెలు ఎక్కువ చేసింది. నాగప్ప మర్నాడు డబ్బాలోంచి ఎక్కువైన ఆముదం తోడి బిందెతో ఇల్లిల్లూ తిరిగాడు. అది తలకు పనికిరాదు గనుక అందరూ బండి ఇరుసులకు రాసుకున్నారు. ముసలవ్వ మాత్రం దేవుడికి మంచి ఆముదమే పోయించుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ మోటారు ఘణపూర్‌లోనే ఉంది, నాగప్ప డ్రైవర్‌సాబ్‌గానే ఉన్నాడు. దానికి ఏ చిన్న నలత వచ్చినా దొర సికింద్రాబాదుకు ఉత్తరం రాయించడం మానుకుని కోడేరుకు బండి పంపేవాడు. సాయమ్మ వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, ముందుగా అది నిన్న ఏం తాగిందని అడిగేది.